అమ్మ చెప్పిన పథ్యం

ఎవరికైనా ఒళ్ళు కాలిందని తెలిస్తే "ఎట్లా కాలింది" అని నేను అడగను. అది అడగడానికి ఊళ్ళో చాలామంది ఉంటారు. "ఏం తింటున్నారు?" అని అడుగుతాను. కొందరు నన్ను వింతగా చూస్తారు. చూడనీ. కాలిన మనిషి మంచం మీద పడుకుని చేయగలిగింది తినడం ఒక్కటే. అది కూడా ఎవరో ఒకరు నోట్లో పెడితేనే. ఆ పెట్టే చెయ్యి ఏం పెడుతుందన్న దాని మీద ప్రాణం నిలబడుతుందని నాకు ముందు తెలియదు. తెలిసినా ఏం చేసేదాన్ని, రెండు చేతులకూ మూటలు కట్టించుకుని పడున్నదాన్ని!

ఇప్పుడు కుడిచేతి వేళ్ళు మూడు కొంచెం వంగుతున్నాయి. వాటితోనే ఇది రాస్తున్నాను. రాస్తే గుండె కుదుటపడుతుందేమోనని ఒక ఆశ. ఎక్కడో ఇంకొక ఆడమనిషి నా మాదిరే పడి ఉంటే, వాళ్ళ ఇంటివాళ్ళ కంట పడుతుందేమోనని ఇంకో ఆశ.

శ్రావణం

మాది బెంగళూరు పక్క చింతామణిలో కాండిమెంట్స్ అంగడి, చిరుతిండ్లు చేసి అమ్ముతాం. ముందర గాజు బీరువాలు, వెనక వంటసాల. మా ఆయన రమేశ్ అంగట్లో కూర్చుంటాడు. వెనక బాణలి దగ్గర నేనూ, పనికి వచ్చే గంగమ్మా ఉంటాం. వరలక్ష్మీ పూజ ముందు రోజుల్లో మా అవస్థ చెప్పనలవి కాదు. చక్కిలాలు, నిప్పట్లు, కారాబూందీ... తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. అట్లాంటి ఒక పొద్దున పొయ్యి ఇనప కాలొకటి కుంగి, మసిలే నూనెతో సహా బాణలి నా మీదికి ఒరిగింది.

మొదట చల్లగా తగిలింది. అబద్ధం చెప్పడం లేదు, చల్లగానే తగిలింది. తర్వాత ఎవరో అరుస్తున్నారు. గంగమ్మ అనుకున్నాను, కాదు, నేనేనట. కొంగుకు మంట అంటుకుంటే గంగమ్మ తడి గోనెపట్ట కప్పి నన్ను కింద పడేసింది. క్షణంలో వీధి వీధంతా వంటసాలలో ఉంది. ఒకావిడ టూత్‌పేస్టు తెచ్చింది. ఒకాయన ఇంకు బుడ్డి తెచ్చాడు. మైదాపిండి చల్లమని ఇంకొకరు. ఎదురుగా మందులంగడి పెద్దాయన మాత్రం వాళ్ళందరినీ తోసుకుని వచ్చి కొళాయి పైపు లాగాడు.

"ఏమీ పుయ్యొద్దండప్పా! నీళ్ళు పొయ్యండి, పోస్తానే ఉండండి" అని కేకలు పెట్టాడు.

ఆయన పుణ్యాన లోతు కొంత తగ్గిందని తర్వాత డాక్టరు చెప్పారు. ఎవరికైనా నేను చెప్పగలిగిన మొదటి మంచిమాట ఇదే. చల్లటి మామూలు నీళ్ళు, ఇంకేమీ వద్దు.

చింతామణి ఆసుపత్రిలో సూది వేసి, గుడ్డలు చుట్టి, బెంగళూరు పొమ్మన్నారు. హొసకోటె దాటేదాకా రమేశ్ నా తల దగ్గర కూర్చుని "అయిపాయె, వచ్చేసినాము" అంటూనే ఉన్నాడు. ఆ దారిలో నెలకు రెండుసార్లు సరుకు తెచ్చుకునే మనిషి, ఎంత దూరముందో ఆయనకు తెలియదా? నాకు తెలియదా? అయినా అంటూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను.

బెంగళూరులో పెద్ద సర్కారు ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక కొసన బర్న్స్ వార్డు. రెండు తలుపులు దాటాలి. చెప్పులు, నగలు, బయటి గుడ్డ ఏదీ లోపలికి రాకూడదు. అన్నం వేళకు మాత్రం మనిషికొక్కరు, మీద పచ్చగౌను వేసుకుని మూతికి గుడ్డ కట్టుకుని రావచ్చు. తక్కినవాళ్ళంతా బయట హాల్లో చాపలు పరుచుకుని కూర్చోవాల్సిందే. ఆ హాలును నేను డిశ్చార్జి రోజు దాకా చూడలేదు. కానీ అక్కడ ఎవరు ఏడుస్తున్నారో, ఎవరి ఫోను మోగుతోందో గోడ అవతలి నుంచి అన్నీ వినిపించేవి.

చేరిన మర్నాడు ఒక పోలీసమ్మ వచ్చింది. కాలిన ఆడమనిషి ఎవరొచ్చినా అడగాలట, అది వాళ్ళ పద్ధతి. రమేశ్‌ను బయటికి పొమ్మంది. మొగుడేమైనా చేశాడా, అత్తగారేమైనా చేసిందా, భయపడకుండా చెప్పమని కన్నడంలో మెల్లగా అడిగింది. మంచి మనిషే. అత్తగారు పోయి ఏళ్ళయిందని, పొయ్యి కాలు కుంగిందని చెప్పాను. రమేశ్ మళ్ళీ లోపలికి వచ్చినప్పుడు ముఖం చూడలేకపోయాను.

"నన్ను దొంగను చూసినట్ల చూస్తాండారు గదే అందరూ" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుందామంటే నాకు చేతులు లేవు. ఉన్నాయి, కానీ లేవు.

కాలిన నొప్పి గురించి నేను రాయను. డ్రెస్సింగు రోజున బండి చక్రాల చప్పుడు నా మంచం వైపు వస్తుంటే ఒంటికి పోయాలనిపించేది, అంత మాత్రం చెబుతాను. నొప్పి కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది ముక్కు మీద దురద. గోకడానికి చెయ్యి లేదు, పిలవడానికి గొంతు లేదు. సిస్టర్ మంజుళ అని ఒకామె ఉండేది. అటు పోతూ ఇటు పోతూ దూది ముక్కతో నా ముక్కు మీద ఒకసారి రుద్ది పోయేది, అడక్కుండానే. ఆమెకు నేనేమిచ్చి రుణం తీర్చుకోను?

అమ్మ బాగేపల్లి నుంచి ఆ మొదటి సాయంత్రమే వచ్చింది. అన్నం వేళ లోపలికి వచ్చే మనిషి అమ్మే అని మాకు చెప్పకుండానే తీర్మానమైపోయింది. రమేశ్ పెడితే నేను మింగలేకపోయేదాన్ని. అమ్మ పెడితే చిన్నపిల్లనైపోయి నోరు తెరిచేదాన్ని.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. బాగేపల్లిలో మా ఇల్లంటే కాలినవాళ్ళకు మందు పూసే ఇల్లు. మా నానమ్మ సున్నపు తేటలో కొబ్బరినూనె పోసి, వెన్న మాదిరి అయ్యేదాకా గిలక్కొట్టి, కోడి ఈకతో పూసేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. పైసా తీసుకోలేదు ఎప్పుడూ. మందుతో పాటు పథ్యం చెప్పేది. పప్పు తింటే చీము, పాలు తాగితే చీము, పెరుగు చీము, గుడ్డు అయితే ఇంక చెప్పనే వద్దు. పుండు ఆరేదాకా చారన్నం, రాగిజావ. నానమ్మ పోయాక మందు అమ్మ పట్టింది, పథ్యం కూడా పట్టింది. చిన్నతనంలో మోకాలు చెక్కుకుపోయినా మాకు పప్పు బందయ్యేది. అది మా ఇంట్లో అనుమానించే విషయం కాదు.

ఆసుపత్రిలో డాక్టరు మొదటి వారమే చెప్పారు. ఆయన కోలారు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. కాలిన చోట తొడ మీది తోలు తీసి అతికించాలి, ఆ తోలు పట్టుకోవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి, గుడ్లు, పాలు, పప్పు ఎంత పెడితే అంత మంచిది అన్నారు. కంచంలో పూటకు రెండు ఉడికించిన గుడ్లు వచ్చేవి, లోటా నిండా పాలు, గట్టి పప్పు.

అమ్మ వినయంగా తల ఊపింది. కంచం తీసుకుంది. గుడ్లు ఒక గుడ్డలో మూట కట్టింది. మాది అంగడి పెట్టుకున్న శెట్ల ఇల్లు, గుడ్డు గడప దాటి వచ్చింది లేదు. వాటిని వేళ్ళ కొసలతో పట్టుకోవడం చూసి ఆ నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. పప్పు పక్కకు నెట్టింది. పాలు పోయించేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చారుపొడితో, హాల్లో ఎవరిదో స్టవ్వు అడుక్కుని చారు కాచి, మెత్తగా అన్నం కలిపి నాకు పెట్టింది.

"మొట్టె తింద్లా?" గుడ్డు తిన్నదా అని సిస్టర్ మంజుళ కన్నడంలో అడిగేది.

"తింద్లు తింద్లు" అనేది అమ్మ, చల్లగా.

అమ్మ అబద్ధమాడేది కాదు మామూలుగా. బిడ్డ ప్రాణం కోసం ఆడింది. నాకైనా ఆ చారన్నమే హితవుగా ఉండేది, గుడ్డు వాసనకే ఊపిరి బిగబట్టేదాన్ని.

నా పక్క మంచం లక్ష్మీదేవిది. బాగేపల్లి దగ్గర మిట్టేమరి మనిషి, నా కన్నా పదేళ్ళు చిన్నది. నీళ్ళ కాగు కింద పుల్లలు ఎగదోస్తుంటే చీరకు అంటుకుందట. వీపు, కాళ్ళు, కడుపు, నా కన్నా చాలా ఎక్కువ కాలింది. మా ఇద్దరి మధ్యా ఒక తెర. ముఖాలు చూసుకోకుండానే స్నేహమైపోయాం. వార్డంతా కన్నడం, మధ్యలో మా ఇద్దరి తెలుగు.

"అక్కా, మీకు గుడ్లిస్తే మీరేం చేస్తాండారు?" అని అడిగింది ఒక రోజు.

"మా అమ్మ మూట కట్టి పారేస్తుంది."

"అయ్యో పాపం! ఇట్ల నా పక్క విసరమను. మా ఇంట్లో కోడి గుడ్డు పెట్టేది, నేను దాన్ని తినేది, ఇదే మా యవ్వారం. మా అత్త కోడిని మాత్రం మెచ్చుకుంటాది" అని నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వేది.

ఆమె భర్త నారాయణప్ప. టమాటా, వేరుశనగ పండించుకునే రైతు. పిల్లలిద్దరినీ తల్లి దగ్గర వదిలి వచ్చాడు. హాల్లో అమ్మ బాగేపల్లి మాట విని తనే వచ్చి పక్కన చాప వేసుకున్నాడట. మాటల్లో మా ఇల్లు తెలిసింది.

"మా నాయనకి బెల్లం పాకం మీద పడి కాలితే మీ ఇంట్లోనే మందు పూసినారమ్మా. మచ్చ గూడ లేదు" అన్నాడట.

అమ్మ ముఖం ఎంత వెలిగి ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను. ఆ పూట నాకు అన్నం పెడుతూ అంతా చెప్పింది.

"పాపం, ఆయప్పకి ఏమీ తెలీదే. గుడ్లు, పాలు, ఇచ్చిందంతా పెడతాండాడు. చీము పట్టదా? నేను చెప్పినాను, పత్యం యాడా తప్పొద్దు నాయనా అని. నా మాట తీసెయ్యలేదు, పెద్దదాని మాట గదా."

నాకు అప్పుడు మంచే అనిపించింది. మర్నాడు తెర అవతలి నుంచి లక్ష్మీదేవి దెప్పింది.

"అక్కా, మీ అమ్మేమో చెప్పిందంట, మా ఆయప్ప నా గుడ్లు తీసి పెట్టేసినాడు. నీకు పుణ్యముంటాది, మీ అమ్మకి చెప్పి ఒకటన్నా ఇప్పీ!"

"పుండ్లు ఆరనీ, తర్వాత బుట్టెడు తిందువు" అన్నాను.

భాద్రపదం

చవితికి ముందు నాకు మొదటిసారి తోలు అతికించారు. ఎడమ తొడ నుంచి తీసి రెండు చేతులకూ, రొమ్ముకూ. కట్టు విప్పే రోజుదాకా కదలకూడదు అన్నారు. నేను ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీల్చాను.

విప్పిన రోజున మంజుళ నా కళ్ళలోకి చూడలేదు. అతికించిన తోలు చాలా భాగం కట్టుతో పాటే ఊడి వచ్చింది. కింద పచ్చగా తడి. చీము. పథ్యం ఇంత కట్టుదిట్టంగా చేసినా చీమే!

"ఏం తింటాండావమ్మా?" అన్నారు డాక్టరు.

"మా అమ్మ పెట్టిందంతా తింటున్నా సార్."

"రక్తంలో ఏమీ లేదే నీకు. కరువులో ఉన్న మనిషి మాదిరి ఉండాది" అని అమ్మను పిలిపించారు.

అమ్మ పచ్చగౌనులో తలుపు దగ్గర నిలబడింది. ఏం పెడుతున్నావని అడిగితే దాచలేదు. నానమ్మ పేరు చెప్పి, సున్నపు తేట సంగతి చెప్పి, అంతా ఉన్నదున్నట్టు చెప్పింది, మెచ్చుకుంటారన్నట్టుగా. డాక్టరు కోపం పడతారనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని అమ్మ ముందు కూర్చున్నారు.

"అమ్మా, చీము తిండితో రాదు. తిండి లేక వస్తాది. మీ ఇంటికి వచ్చినోళ్ళకి చెయ్యో కాలో కాలి ఉంటాది, ఏం తిన్నా తినకున్నా మానిపోయి ఉంటాది. ఈమెకి ఒంట్లో మూడో వంతు కాలిపోయింది. కుడి తొడ ఒకటే మిగిలింది నాకు. దాని తోలు గూడ పట్టకపోతే ఈ చేతులు నేను నిలబెట్టలేను. జ్వరం లోపలికి దిగితే మనిషినే నిలబెట్టలేను. ఇంగ నీ ఇష్టం."

అమ్మ హాల్లోకి పోయింది. బయట రమేశ్‌కు సంగతి తెలిసింది. ఆయన అరుపు గోడ దాటి నా మంచం దాకా వచ్చింది.

"నా పెండ్లాన్ని చంపుతావా అత్తా నువ్వు? నెల దినాలుగా గుడ్లు మూట కడతాండావా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో రమేశ్ అమ్మ ముందు గొంతు పెంచి ఎరగడు. నాకు లేచి పోయి ఇద్దరి మధ్యా నిలబడాలనిపించింది. లేవడం మాట అటుంచి, తల తిప్పడానికే మెడ రాలేదు. ఎవరిని సమర్థించాలో కూడా తెలియలేదు. ఆయన కోపం నా మీది ప్రేమే, అమ్మ మూట కూడా నా మీది ప్రేమే. ఆ రెండింటి నడుమ నేను కట్టెలాగా పడి ఉన్నాను.

ఆ పూట అమ్మ కంచం పట్టుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూర్చుని గుడ్డు చేతిలోకి తీసుకుంది. పెంకు ఎట్లా తీయాలో ఆమెకు తెలియదు. గోటితో గిల్లితే తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. మంజుళ వచ్చి మంచం కమ్మీకి కొట్టి ఒలవడం చూపించింది. అమ్మ "గోవిందా" అనుకుంటూ దాన్ని చిదిపింది, ఉప్పూ మిరియాలపొడీ వేసింది, ముద్ద నా నోటి దగ్గర పెట్టింది.

"తిను తల్లీ. నాకోసం తిను" అంది.

తిన్నాను, కక్కాను. గౌను అంతా పాడైంది. అమ్మ తుడిచి మళ్ళీ ముద్ద చేసింది. మళ్ళీ తిన్నాను. ఆ రోజు నుంచి పూటకు రెండు, మూడు. కళ్ళు మూసుకుని మాత్ర మింగినట్టు మింగడం నేర్చుకున్నాను. అమ్మ ప్రతి సాయంత్రం గేటు బయట కొళాయి దగ్గర తలమీద నీళ్ళు పోసుకుని గానీ తాను ముద్ద ముట్టేది కాదని రమేశ్ తర్వాత చెప్పాడు. ఆమె మడి ఆమెది. కానీ పెట్టడం మానలేదు.

మొదటి గుడ్డు నాకు తినిపించి బయటికి పోతూనే అమ్మ నారాయణప్ప కోసం వెతికింది. ఆ సంగతి కూడా తనే చెప్పింది. కానీ ఆ పొద్దునే లక్ష్మీదేవికి జ్వరం ఎక్కింది. తెర అవతల చాలామంది పరుగులు పెట్టడం విన్నాను. ఆమె మంచం లోపలి గాజు గదిలోకి పోయింది. నారాయణప్ప రక్తం కోసం ఊరంతా తిరిగి మధ్యాహ్నం దాటాక వచ్చాడు.

"నారాయణప్పా, ఆ గుడ్ల సంగతి..." అని అమ్మ మొదలుపెట్టిందట.

"ఇప్పుడు నోటితో ఏమీ ఇయ్యొద్దన్నారమ్మా. అంతా పైపులోనేనంట" అన్నాడట ఆయన.

అమ్మ ఆ మాట అంతటితో వదిలేసింది. ఆ చాప మీదే ఆయన పక్కన కూర్చుంది.

లక్ష్మీదేవి పోయిన రోజు నాకు ఎవరూ చెప్పలేదు. హాల్లో ఒక మగమనిషి గొంతు, మాటలు లేని గొంతు, వినిపించింది. నాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రం పక్క మంచానికి ఉతికిన దుప్పటి పరిచారు. ఆమె ముఖం ఎట్లా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మంజుళను అడిగాను. ఒంట్లో సగానికి మించి కాలిందని, మొదటి రోజు నుంచే డాక్టర్లకు ఆశ తక్కువని చెప్పింది. గుడ్లు తిని ఉంటే బతికేదా అని అడిగాను.

"సుమా" అని నా పేరు పెట్టి పిలిచింది. "అది ఎవరు చెప్పగలరు?" అంది.

ఆశ్వయుజం

రెండోసారి కుడి తొడ తోలు అతికించారు. ఈసారి నేను ఊపిరి లెక్కపెట్టుకోలేదు. భయపడే ఓపిక కూడా అయిపోయింది. కట్టు విప్పేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కత్తెర చప్పుడు, తడి గుడ్డ లాగిన చప్పుడు, ఇంకా ఏమీ లేదు.

"పట్టింది" అన్నారు డాక్టరు. "చూడమ్మా, పట్టింది!"

చూశాను. వల మాదిరి గళ్ళు గళ్ళుగా, గులాబీ రంగులో, చూడబుద్ధి కాని చేతులు. నావే. వలవలా ఏడ్చాను. మంజుళ నా కళ్ళు తుడిచి, ముక్కు కూడా తుడిచింది.

అమ్మ వచ్చినప్పుడు చెప్పాను. గట్టిగా నవ్వుతుందని, దేవుళ్ళందరికీ మొక్కుతుందని అనుకున్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

"ఆ పిల్ల గూడ తినింటే?" అంది.

డాక్టరు మాట, మంజుళ మాట, సగానికి మించి కాలిన మాట అన్నీ చెప్పాను. అమ్మ విన్నది. విన్నాక మళ్ళీ అదే మాట అడిగింది.

పుష్యం

ఇంటికి వచ్చాక బతుకు సులభమవుతుందనుకునేవాళ్ళకు చెబుతున్నాను, కాదు. పగలంతా మచ్చలు ఉబ్బకుండా ఒంటికి బిగువు గుడ్డ, కొత్త తోలుకు దురద. వేళ్ళు వంచే కసరత్తు చేయకపోతే గట్టిపడిపోతాయి, చేస్తే ప్రాణం పోతుంది. మెడ ఎడమవైపు తిరగదు. వంటసాలలో నూనె సద్దు వింటే ఇప్పటికీ వీధిలోకి వచ్చి నిలబడతాను. అమ్మ బాగేపల్లికి తిరిగి పోలేదు. నాకు తల దువ్వుతుంది, అన్నం కలిపి పెడుతుంది. ఊళ్ళో వాళ్ళు మందు కోసం ఫోను చేస్తే మాత్రం "ఇప్పుడు చెయ్యడం లేదప్పా, డాక్టరు దగ్గరికి పోండి" అని పెట్టేస్తుంది.

ఒక మధ్యాహ్నం నారాయణప్ప అంగడి ముందు నిలబడ్డాడు. చింతామణి మార్కెట్టుకు టమాటా వేసుకుని వచ్చాడట. చేతిలో ఒక సంచి వేరుశనగ కాయలు. బాగా చిక్కిపోయాడు. రమేశ్ లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. నా చేతులు చూసి ఆయన ముఖం నిజంగా విప్పారింది.

"బాగుండాదమ్మా, బాగుండాది. అతుక్కునింది" అన్నాడు.

అమ్మ కాఫీ తెచ్చి ఇచ్చి నిలబడింది. పిల్లలు ఎట్లున్నారని అడిగింది. పెద్దది తమ్ముడికి జడ వేస్తోందట, వాడికి జడ ఎందుకని అడిగితే అమ్మ నాకు జడ వేసే తీరు గుర్తుండాలి అంటోందట. తర్వాత తన సంగతికి వచ్చాడు.

"మా బామ్మర్దులు నన్ను అంటాండారమ్మా, సరిగా చూసుకోలేదని. ఊళ్ళో గూడ అంటాండారు. నేను చెప్పినాను, బాగేపల్లి మందిచ్చే ఇంటి అమ్మే చెప్పింది, ఆయమ్మ చెప్పిన పత్యం ఒక్క పూట తప్పలేదు, ఒక్క గుడ్డు పెట్టలేదు అని. నేను చెయ్యగలిగింది చేసినాను గదమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకుందామంటే మెడ తిరగలేదు.

"మీ బిడ్డకి గూడ అదే గదా పెట్టినారు?" అన్నాడు.

"అవునప్పా. అదే" అంది అమ్మ.

ఆయన తల ఊపాడు. ఆ ఊపులో ఎంత నెమ్మది ఉందో చూసి, పోనీలే, అబద్ధమైతే ఏమి అనుకున్నాను. కాఫీ తాగాడు, లేచాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు.

"మా పక్క ఎవురికి కాలినా నేనే పోయి చెప్తానమ్మా ఈ పత్యం. మొన్న గూడ ఒకరికి చెప్పినాను, గుడ్లూ పాలూ ముట్టొద్దని."

ఆయన నాలుగు అడుగులు వేశాడు. అమ్మ చేతిలో లోటా కింద పెట్టింది. గడప దాటి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి దిగింది.

"నారాయణప్పా! నిలబడు నాయనా!"

ఆయన వెనక్కి వస్తే అంగడి మెట్ల దగ్గరే చెప్పింది. బేరాలు జరుగుతున్నాయి, ఎవరో అరకిలో మిక్చరు అడుగుతున్నారు, అమ్మ చెబుతూనే ఉంది. తన బిడ్డకు మొదట అదే పెట్టానని, అందుకే తోలు పట్టలేదని, తర్వాత తన చేత్తో గుడ్లు ఒలిచి పెట్టానని, అది పెట్టాకే ఈ చేతులు నిలబడ్డాయని. ఎవరికీ ఆ పథ్యం చెప్పొద్దని, చెప్పినవాళ్ళ ఇంటికి ఈ రోజే పోయి గుడ్లు పెట్టమనాలని. తప్పు నీది కాదు నాయనా, నాది, నాది అని రెండు చేతులూ జోడించింది.

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను పైనుంచి గట్టిగా చెప్పాను.

"నారాయణప్పా, లక్ష్మీదేవికి కాలిందే చాలా ఎక్కువ. ఏం తినినా ఏమయ్యేదో తెలీదని సిస్టరే చెప్పింది!"

ఆయనకు వినిపించిందో లేదో. రమేశ్ బేరం వదిలేసి వచ్చి భుజం పట్టుకున్నాడు. ఆయన కదలలేదు. అమ్మ కింద మెట్టు మీద కూర్చుని ఆయన ముఖం వైపు చూస్తూ ఉంది. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను అన్నట్టు చూస్తూ ఉంది. ఆయన తిట్టలేదు.

"దినామూ గుడ్డు అడిగిందమ్మా" అన్నాడు. "ఏడ్చి అడిగింది."